ఆఫీసు చిరాకు, సాయంత్రపు ఆకలి: డైటింగు చేసే ఉద్యోగులు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో బ్యాంకుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో, బళ్ళలో, మందుల కంపెనీల్లో పనిచేస్తూ బరువు తగ్గాలని తంటాలు పడుతున్న మిత్రులు నాలుగైదేళ్ళుగా నన్ను అడుగుతున్న ప్రశ్నలనూ, నేను చెబుతూ వచ్చిన జవాబులనూ ఇక్కడ ఒకచోట చేర్చాను. నేను వైద్యుణ్ణి కాను, పోషకాహార నిపుణుణ్ణీ కాను. ఇరవై రెండేళ్ళుగా ఫైళ్ళ మధ్య కూర్చున్న గుమాస్తాను. 86 కిలోల నుంచి 74 కిలోలకు రావడానికి నాకు రెండున్నరేళ్ళు పట్టింది. అందులో మొదటి ఏడాది మొత్తం వృథా పోయింది. ఏం తినాలన్నది ఆ ఏడాది కూడా నాకు బాగానే తెలుసు. ఆఫీసు నుంచి ఇంటికి చేరేలోపు నాకేమవుతోందన్నదే తెలియలేదు. కాబట్టి కింది జవాబుల్లో కేలరీల లెక్క తక్కువగానూ, సాయంత్రం ఐదు గంటల సంగతి ఎక్కువగానూ కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు.

పొద్దున ఎంతో పట్టుదలతో ఉంటాను. సాయంత్రం ఐదు దాటేసరికి అంతా చెడిపోతుంది. నాకు నిగ్రహం లేదా?

నిగ్రహం సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ రోజు ఎట్లా గడిచిందో చూడండి. పొద్దున అటెండెన్స్ మిషను దగ్గర వేలిముద్ర పడదన్న భయంతో రెండు ఇడ్లీలు నిలబడే తిని బయలుదేరారు, లేదా డైటింగు పేరుతో అవీ మానేశారు. మధ్యాహ్నం డబ్బా తెరిచే వేళకు ఎవరో పిలిచారు, సగం తిని మూత పెట్టారు. మూడు గంటలకు మాట పడ్డారు. నాలుగు గంటలకు పోర్టల్ పనిచేయలేదు, అయినా ఎదుట నిలబడ్డ మనిషి మిమ్మల్నే తిట్టాడు. ఐదు గంటలకు మీ శరీరంలో ఉన్నది ఎనిమిది గంటల అరకొర తిండి, మింగిన కోపం. ఈ రెండూ ఒకేసారి ఎదురైతే పట్టుదల నిలవకపోవడంలో వింతేమీ లేదు.

కోపం, భయం అప్పటికప్పుడు పుట్టినప్పుడు అడ్రినలిన్ ప్రభావంతో ఆకలి చచ్చిపోతుంది. అందుకే మాట పడ్డ మధ్యాహ్నం అన్నం సయించదు. కానీ ఆ ఒత్తిడి గంటల తరబడి సాగితే కార్టిసోల్ అనే హార్మోను పెరిగి ఆకలిని తిరిగి లేపుతుంది. అప్పుడు లేచే ఆకలి సొరకాయ కూరను అడగదు, తీపినీ నూనెనూ అడుగుతుంది. నల్లగొండ బస్టాండు బయట సాయంత్రం ఐదున్నరకు ఒక పది నిమిషాలు నిలబడి చూడండి. బాండీలోంచి జల్లిగంటెతో తీసిన మిర్చిబజ్జీని నిలువునా చీల్చి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ కూరి, నిమ్మకాయ పిండి, కాగితంలో పెట్టి చేతికిస్తారు. తినేవాళ్ళలో చాలామంది మెడలో ఐడీ కార్డు ఇంకా వేలాడుతూనే ఉంటుంది. చాలామంది మాట్లాడరు కూడా, మొదటి రెండు బజ్జీలు అయ్యేదాకా.

నా అనుభవంలో దీనికి పనిచేసిన ఉపాయం ఒకటే. సాయంత్రం నాలుగున్నరకు, ఆఫీసులోనే, సీట్లో కూర్చునే ఏదైనా తినాలి. ఒక గుప్పెడు శనగ గుడాలో (ఉడికించిన శనగలు), బబ్బెర గుడాలో, ఉడికించిన కోడిగుడ్డో, కాసిన్ని పల్లీలో, ఒక జామకాయో. డైటింగు చేసేవాళ్ళు ఈ మాట వినగానే "మధ్యలో తింటే బరువు పెరగదా?" అంటారు. ఆ గుడాలు ఒక 120, 150 కేలరీలు ఉంటాయేమో. అవి తినకుండా బస్టాండుకు పోతే రెండు సమోసాలు, ఒక చాయ్ కలిపి దాదాపు 600 కేలరీలు లోపలికి పోతాయి.

ఇది నిజమైన ఆకలా, చిరాకా అని ఎట్లా తెలుస్తుంది?

నిజమైన ఆకలి మెల్లగా వస్తుంది, ఏది పెట్టినా తింటుంది, కడుపు నిండితే ఆగుతుంది. చిరాకు ఆకలి ఒక్కసారిగా మీద పడుతుంది, ఫలానా వస్తువే కావాలంటుంది, కడుపు నిండినా ఆగదు. నాకు నేను వేసుకునే ప్రశ్న చిన్నది: "ఇప్పుడు చల్లటి జొన్న రొట్టె, పప్పు పెడితే తింటానా?" తింటానంటే ఆకలే, వెంటనే తినాలి. తిననంటే, జిలేబీయే కావాలంటే, ఆ రోజు ఎవరు ఏమన్నారో గుర్తు తెచ్చుకోవాలి.

ఈ రెండూ కలిసి వచ్చే రోజులే ఎక్కువన్నది మాత్రం మరిచిపోవద్దు. పొద్దుటి నుంచి కడుపు మాడ్చుకున్న మనిషి తనది ఉత్త చిరాకేనని సర్దిచెప్పుకోవడం కూడా మోసమే.

డైటింగు మొదలుపెట్టిన తర్వాతే నాకు కోపం ఎక్కువైందని తోటివాళ్ళు అంటున్నారు. నిజమా?

చాలావరకు నిజమే అయి ఉంటుంది. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1944-45లో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు వారి అంగీకారంతోనే ఆరు నెలల పాటు తిండిని దాదాపు సగానికి తగ్గించి పరిశీలించారు. వాళ్ళు బరువు తగ్గారు. దాంతోపాటు చిన్న మాటకే విసుక్కున్నారు, దేనిమీదా మనసు పెట్టలేకపోయారు, రాత్రింబవళ్ళు తిండి గురించే ఆలోచించారు, కొందరు వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నారు. యుద్ధంలో ఆకలికి గురైన జనానికి మళ్ళీ తిండి ఎట్లా పెట్టాలో తెలుసుకోవడానికి చేసిన పరిశోధన అది. అయినా రోజుకు 800 కేలరీల డైటు పట్టిన మా సెక్షను మిత్రుణ్ణి చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

అందువల్ల మనకు తెలియకుండానే ఒక చక్రం తిరుగుతుంది. ఆఫీసు చిరాకు తిండిని పెంచుతుంది, పెరిగిన బరువును చూసి కఠినమైన డైటింగు మొదలుపెడతాం, కడుపు మాడ్చుకోవడం ఆ చిరాకును ఇంకా పెంచుతుంది, ఇదివరకు నవ్వి ఊరుకున్న మాటకు ఇప్పుడు గొడవ పెట్టుకుంటాం, ఆ సాయంత్రం మళ్ళీ బస్టాండు. తిండిని గట్టిగా కట్టడి చేసుకునేవాళ్ళే ఒత్తిడి కలిగినప్పుడు ఎక్కువగా తింటారన్న విషయాన్ని మనస్తత్వ పరిశోధకులు చాలాకాలంగా గమనిస్తున్నారు. కాబట్టి కట్టడి ఎంత మెత్తగా ఉంటే అంత ఎక్కువ కాలం నిలుస్తుంది. శరీరంలో ఒక కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. రోజుకు 500 తగ్గిస్తే వారానికి అరకిలో దాకా తగ్గాలని కాగితం మీది లెక్క. ఉద్యోగం బాగా నడుస్తున్న నెలల్లో నేను రోజుకు 300 దగ్గరే ఆగాను. ఆలస్యమైంది, కానీ ఇంట్లో ఎవరూ నన్ను తప్పించుకుని తిరగలేదు.

అసలు నేను బరువు ఎక్కువ ఉన్నట్టేనా?

కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించండి. వచ్చిన అంకె 23 దాటితే మన దేశస్థులకు అధిక బరువు కింద, 25 దాటితే స్థూలకాయం కింద లెక్కిస్తారు. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. కుర్చీ ఉద్యోగాల్లో చేతులు, కాళ్ళు సన్నగానే ఉండి పొట్ట ఒక్కటే పెరుగుతుంది కాబట్టి, నా మటుకు నేను తూకం కంటే దర్జీ టేపునే ఎక్కువ నమ్ముతాను.

అన్నం పూర్తిగా మానేసి జొన్న రొట్టెకు మారాలా?

ఈ ప్రశ్న మహబూబ్‌నగర్ వైపు నుంచి ఒక విధంగానూ, మిర్యాలగూడ వైపు నుంచి మరో విధంగానూ వస్తుంది. పాలమూరు పల్లెల్లో నిన్నమొన్నటి దాకా పొద్దున అంబలి, మధ్యాహ్నం గట్క (ఉడికించిన జొన్న రవ్వ), రాత్రి రొట్టె తిన్న ఇండ్లు చాలా ఉన్నాయి. అన్నం పండుగకో చుట్టం వస్తేనో వండుకునేవారు. వాళ్ళకు రొట్టె అంటే వెనక్కి పోవడం. సాగర్ ఎడమ కాల్వ కింద వరి పండించి, చుట్టూ రైసు మిల్లుల మధ్య పెరిగినవాళ్ళకు మూడు పూటలా అన్నం లేకపోతే తిన్నట్టే ఉండదు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. వంద గ్రాముల బియ్యంలోనూ, వంద గ్రాముల జొన్నల్లోనూ కేలరీలు ఇంచుమించు సమానమే, 340 చుట్టుపక్కల. తేడా పీచులో ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు, మిల్లు పట్టిన బియ్యంలో 3 గ్రాముల లోపు. మాంసకృత్తులు కూడా జొన్నల్లో కొంచెం ఎక్కువ.

ఆ పీచు కంటే నాకు ఎక్కువ ఉపయోగపడింది మరొకటి ఉంది. రొట్టెను లెక్కపెట్టవచ్చు, అన్నాన్ని లెక్కపెట్టలేం. చిరాకుగా ఉన్న రాత్రి పళ్ళెంలో అన్నం రాశి పోసుకుని, పచ్చిపులుసు కలిపి, టీవీ చూస్తూ తింటుంటే, మూడోసారి వడ్డించుకున్న సంగతి గిన్నె అడుగు కనిపిస్తే తప్ప తెలియదు. రొట్టె అట్లా కాదు. వేడి నీళ్ళు పోసి పిండి పిసికి, పీట మీద అరచేత్తో తట్టి, పెనం మీద వేసి, పైన తడిచేత్తో రాసి తిరగేసేదాకా మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. నాలుగో రొట్టె అడగాలంటే పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి మొహం చూడాలి. మా ఇంట్లో ఆ మనిషి వారంలో నాలుగు రోజులు నేనే కాబట్టి, మూడో రొట్టె దగ్గరే ఆకలి తీరిపోతోంది.

జొన్న రొట్టె రుచి పడనివారు బలవంతం మీద మారనవసరం లేదు. అన్నం ఒక కప్పు తగ్గించి, ఆ జాగాలో కూర, పప్పు రెట్టింపు చేసుకున్నా అదే ఫలితం వస్తుంది. మన భోజనంలో కూర ఊరగాయ అంత ఉంటుంది, అన్నం కొండంత ఉంటుంది. 2024లో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినమంటున్నాయి. ఒకసారి తూచి చూడండి, అది ఎంతో మీకే తెలుస్తుంది. నూనె గురించి రెండు మాటలు. పెద్ద చెంచాడు నూనె సుమారు 120 కేలరీలు. నలుగురున్న ఇంట్లో నెలకు ఎన్ని లీటర్లు ఖర్చవుతున్నాయో కిరాణా చీటీలో చూసుకుంటే చాలు, వేరే లెక్క అక్కర్లేదు.

ఆఫీసులో చాయ్ మానలేకపోతున్నాను. ఎన్ని తాగవచ్చు?

మనకు చాయ్ అంటే దాహం కాదు, సీట్లోంచి లేవడానికి దొరికే ఏకైక అనుమతి. మూత్రానికి లేచినా ఎక్కడికని అడిగే అధికారి చాయ్‌కి లేస్తే అడగడు. అందుకని చాయ్ మానమని చెప్పే డైటు ఏ ఆఫీసులోనూ నిలవదు. కానీ లెక్క మాత్రం చూసుకోవాలి. రోజుకు ఆరు చాయ్‌లు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర, చెంచాకు నాలుగు గ్రాములనుకుంటే 48 గ్రాములు. పైన చెప్పిన మార్గదర్శకాలు రోజు మొత్తానికి 25 గ్రాములకు మించవద్దంటున్నాయి.

నేను చాయ్‌లు తగ్గించలేదు, చక్కెర తగ్గించాను. మొదట రెండు చెంచాలను ఒకటిన్నర చేశాను. నెల తర్వాత ఒకటి. మరో రెండు నెలలకు అరచెంచా. బండి దగ్గర చక్కెర కలిపిన చాయే దొరుకుతుంది కాబట్టి అక్కడ రోజుకు ఒకటే, మిగతావి ఇంటి నుంచి ఫ్లాస్కులో. సీట్లోంచి లేవాలనిపించినప్పుడు చాయ్ లేకుండానే లేచి, మెట్లు దిగి, గేటు దాకా పోయి వచ్చాను. మొదట్లో అందరూ అనుమానంగా చూశారు, పదిహేను రోజులకు అలవాటు పడ్డారు. సాయంత్రం ఐదు తర్వాత చాయ్ మానడం మంచిది. అది రాత్రి నిద్రను చెడగొడుతుంది, నిద్ర తగ్గితే మరునాడు ఆకలి పెరుగుతుంది.

తప్పు నాది కాకపోయినా మాటలు పడాల్సి వస్తోంది. ఇట్లాంటి ఉద్యోగంలో ఉండి డైటింగు సాధ్యమేనా?

దీనికి జవాబుగా నా సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట ఒక మే నెల. ఆ రోజు మధ్యాహ్నం రెండు రొట్టెలు, బీరకాయ కూర తిని, చిన్న డైరీలో లెక్క రాసుకున్నాను కూడా. మూడు గంటల సమీక్షలో పై అధికారి ఒకరు, ఆ నివేదిక పంపాల్సింది వేరే సెక్షను అని తెలిసి కూడా, పదిహేను మంది ముందు నన్ను నిలబెట్టి పావుగంట మాట్లాడారు. నేను "సరే సార్" అన్నాను. మూడుసార్లు అన్నాను. సాయంత్రం బండి తీసి, దారిలో పిల్లల కోసమని అరకిలో జిలేబి కట్టించుకున్నాను. పిల్లలు వారం కిందటే దేవరకొండలో అమ్మమ్మ ఇంటికి పోయారన్న సంగతి నాకు బాగానే తెలుసు. పానగల్లు చెరువు కట్ట మీద బండి ఆపి, దాని మీదే కూర్చుని, పొట్లం విప్పాను. కాగితం అడుగున పాకం అంటుకునేదాకా తిన్నాను. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు లేవు, బండి హ్యాండిలు రెండు రోజులు జిగటగానే ఉంది.

ఆ రాత్రి డైరీ తెరిచి జిలేబి లెక్క రాయబోయి, దానికి బదులు సమీక్షలో జరిగింది రాశాను. తేదీ, నివేదిక సంఖ్య, అది ఏ సెక్షనుకు చెందిందో చెప్పే ఉత్తర్వు సంఖ్య. మరునాడు అదే విషయాన్ని మర్యాదగా, నాలుగు వాక్యాల నోటుగా ఫైల్లో పెట్టాను. అధికారి క్షమాపణ ఏమీ చెప్పలేదు, చెబుతారని నేను అనుకోనూ లేదు. కానీ ఆ సాయంత్రం మిఠాయి దుకాణం ముందు నుంచి పోతున్నప్పుడు బండి దానంతటదే ఆగలేదు. నోరు మూసుకుని మింగిన మాట ఏదో ఒక రూపంలో బయటికి రావాలి. కాగితం మీదికి రాకపోతే అది తిండి మీదికి పోతుంది. అప్పటి నుంచి ఆఫీసు వదిలేముందు ఐదు నిమిషాలు ఆ రోజు ఏం జరిగిందో రాయడం నాకు అలవాటైంది. ఎక్కువ రోజులు ఆ నోట్లు ఎవరికీ పంపేవి కావు.

ఇక మీ ప్రశ్నకు వస్తే, సాధ్యమే, కానీ అన్ని నెలల్లోనూ బరువు తగ్గడం సాధ్యం కాదు. మార్చి నెలాఖరు, ఆడిట్, ఎన్నికల విధులు, బ్యాంకుల్లో టార్గెట్ల చివరి వారాలు, బళ్ళలో పరీక్షల కాలం, ఇవన్నీ ముందే తెలిసినవి. ఆ నెలల్లో తగ్గాలని చూడవద్దు, ఉన్న బరువు పెరగకుండా చూసుకుంటే చాలు. ఏడాదిలో ఏడు నెలలు తగ్గుతూ, ఐదు నెలలు నిలకడగా ఉంటే అది మంచి ఏడాదే. నేను మొదటి ఏడాదంతా వృథా చేసుకున్నది సరిగ్గా ఇక్కడే. మార్చి నెలాఖరులోనూ, ప్రతి సమీక్ష వారంలోనూ కొత్త డైటు మొదలుపెట్టేవాణ్ణి.

రాత్రి షిఫ్టు చేస్తాను. నాకు ఇవేవీ వర్తించవు కదా?

జడ్చర్ల దగ్గర పోలేపల్లిలోనూ, చౌటుప్పల్, చిట్యాల వైపూ కంపెనీల్లో పనిచేసే తమ్ముళ్ళు అడిగే ప్రశ్న ఇది. వారం వారం షిఫ్టు మారే పనిలో శరీరానికి ఎప్పుడు తినాలో, ఎప్పుడు పడుకోవాలో తెలియదు. నిద్ర తక్కువైనప్పుడు ఆకలిని పెంచే గ్రెలిన్ హార్మోను పెరిగి, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. కాబట్టి మీకు డైటింగు కంటే ముందు నిద్రే మందు. పగలు కిటికీకి దట్టమైన దుప్పటి కట్టి, ఫోను పక్క గదిలో పెట్టి, ఇంట్లోవాళ్ళకు గట్టిగా చెప్పి ఏడు గంటలు పడుకోండి.

షిఫ్టుకు పోయేముందు రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య అసలు భోజనం పూర్తి చేసి, అర్ధరాత్రి దాటాక గుడ్డు, చల్ల, పండు వంటి తేలికైనవి మాత్రమే తీసుకోవడం మంచిది. రెండు గంటలకు క్యాంటీనులో బగారన్నం తింటే అరగదు, నాలుగింటికి కళ్ళు మూతలు పడతాయి. వరుసగా ఐదు గంటలు పనిచేసిన కార్మికుడికి కనీసం అరగంట విరామం ఇవ్వాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం పెట్టిన నియమం. ఆ అరగంటను ఫోనుకు కాకుండా కూర్చుని తినడానికి వాడుకోండి.

నూనె మాత్రమే తాగే డైటు, పండ్లు మాత్రమే తినే డైటు, ఒంటిపూట భోజనం... ఏది మంచిది?

మొదటి వారంలో తగ్గేది ఎక్కువగా నీరే కాబట్టి అన్నీ పనిచేసినట్టే కనిపిస్తాయి. ప్రశాంతమైన జీవితం గడిపేవారు వీటిలో కొన్నింటిని నిలబెట్టుకుంటారేమో, రోజూ మాటలు పడే ఉద్యోగి నిలబెట్టుకోగా నేను చూడలేదు. ఒక్క హెచ్చరిక మాత్రం తప్పనిసరి. షుగరుకు గ్లిమెపిరైడ్ వంటి మాత్రలో, ఇన్సులినో వాడేవారు డాక్టరును అడగకుండా పూట మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం మొదలైతే అది డైటు పనిచేస్తున్న గుర్తు కాదు. వెంటనే చక్కెర నోట్లో వేసుకుని డాక్టరు దగ్గరికి పోవాలి.

ఆఫీసులో ప్రతివారం పుట్టినరోజు కేకు, ప్రమోషను పార్టీ, ఎవరింట్లోనో దావత్. వద్దంటే బాధపడతారు.

మన దగ్గర మటన్ ముక్క వద్దనడం అంటే పిలిచిన మనిషిని వద్దన్నట్టే. కాబట్టి దావత్‌లో డైటు గురించి మాట్లాడకండి. మాట్లాడారా, పక్కనున్న అన్న "ఒక్కరోజుకేమైతది" అంటూ ఇంకో గరిటె వేస్తాడు. మాంసం తినండి, బగారన్నం సగం వేసుకోండి, పళ్ళెం ఖాళీ కానివ్వకండి. ఖాళీ పళ్ళేన్నే వడ్డించేవాళ్ళు వెతుకుతారు. కేకు ఒక ముక్క తీసుకుని, చేతిలో పట్టుకుని తిరిగి, ఎవరైనా పిల్లల కోసం అడిగితే ఇచ్చేయండి.

పండుగలు వేరు. బతుకమ్మ రోజుల్లో సత్తుపిండి, మలీద (రొట్టె, బెల్లం కలిపి చేసే తీపి), పులిహోర, పెరుగన్నం ఉంటాయి, ఆటా ఉంటుంది. ఆడవాళ్ళు గంటల తరబడి చప్పట్లు కొడుతూ తిరిగి వచ్చి తినే పిడికెడు మలీదను లెక్కపెట్టేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఆ మలీదనే తినే మగవాళ్ళు మాత్రం లెక్కపెట్టుకోవాలి.

పండ్లు తింటే చక్కెర కాదా?

పండును నమిలి తింటే ఫరవాలేదు, రసం తీసి తాగితే పీచు పోయి చక్కెర మిగులుతుంది. నల్లగొండ బత్తాయిని తోటలోంచి తెచ్చుకుని, రసం తీసి, మళ్ళీ చక్కెర కలిపి తాగే అలవాటు మన జిల్లాలో ఉంది, అది మానాలి. బాలానగర్ సీతాఫలాలు వచ్చే రోజుల్లో రోజుకు ఒకటి చాలు. ఆ ఒకటి నెమ్మదిగా, గింజ గింజా తీసుకుంటూ తినాలి కాబట్టి, చిరాకుగా ఉన్న సాయంత్రానికి దానిని మించిన చిరుతిండి లేదంటాను.

ఒత్తిడి తట్టుకోలేక వారాంతంలో మందు తాగుతాను. అది లెక్కలోకి వస్తుందా?

వస్తుంది. ఒక గ్రాము ఆల్కహాలులో ఏడు కేలరీలు ఉంటాయి, ఇంచుమించు నూనెకు దగ్గర. దాని పక్కన పెట్టుకునేవి వేరు. కల్లు కూడా మినహాయింపు కాదు. వారాంతం కాస్తా బుధవారం దాకా పాకితే, అది డైటింగు ప్రశ్న కాదు.

నడక తప్పదా?

నల్లగొండలో ఎన్‌జీ కళాశాల మైదానం చుట్టూ పొద్దున నడిచేవాళ్ళందరూ సన్నగా లేరు. ఒక పెద్ద సమోసా కరగాలంటే ఇంచుమించు గంట నడవాలి కాబట్టి, నడకతోనే బరువు తగ్గుతుందని నమ్మవద్దు. నేను నడకను వేరే పనికి వాడతాను. ఆఫీసుకూ ఇంటికీ మధ్య ఇరవై నిమిషాలు, ఫోను జేబులో పెట్టుకుని నడిస్తే, ఆఫీసు మాటలు ఇంటి గడప దాకా రావు. బస్సులో వచ్చేవారు రెండు స్టాపుల ముందు దిగవచ్చు.

నిజాయితీగా చేస్తున్నా తూకం కదలడం లేదు.

రోజూ తూచుకుంటే పిచ్చెక్కుతుంది. రాత్రి ఉప్పు ఎక్కువైనా, సరిగ్గా నిద్ర లేకపోయినా, ఆడవారికి నెలసరి ముందు రోజుల్లోనూ ఒకటి రెండు కిలోల నీరు ఒంట్లో నిలుస్తుంది. వారానికి ఒకసారి, ఒకే వేళకు తూచుకుని, నాలుగు వారాల అంకెలను కలిపి చూడండి. రెండు నెలలైనా నిజంగా కదలకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవడం మంచిది.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోవాలి?

ఎవరూ చూడకుండా పెద్ద మొత్తంలో తిని, తర్వాత సిగ్గుతో కుమిలిపోవడం తరచుగా జరుగుతుంటే, తిన్నది కావాలని కక్కుకుంటుంటే, రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, ఆదివారం సాయంత్రం నుంచే సోమవారం తలచుకుని గుండె దడ పుడుతున్నా, అది మీ నిగ్రహానికి సంబంధించిన విషయం కాదు, వైద్యానికి సంబంధించినది. జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగంలో చూపించుకోవచ్చు. అక్కడ ఎవరైనా తెలిసినవాళ్ళు చూస్తారేమోనని జంకేవారికి, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీమానస్ ఉంది. 14416కు ఏ వేళలోనైనా ఫోను చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకుండా ఫోను చేయాలి, ఇంట్లో ఒకరికి చెప్పాలి.

నిన్న మొత్తం చెడిపోయింది. ఈ రోజు ఉపవాసం ఉండి సరిచేసుకోనా?

వద్దు. ఈ రోజు ఉపవాసం ఉంటే సాయంత్రం ఐదింటికి ఎక్కడ నిలబడతారో మీకు తెలుసు. నిన్న అదనంగా తిన్నది వెయ్యి కేలరీలే అనుకున్నా, అది 130 గ్రాముల కొవ్వు, అంతే. పొద్దున ఎప్పటిలాగే తినండి, మధ్యాహ్నం డబ్బాలో ఎప్పుడూ పెట్టుకునేదే పెట్టుకోండి, నాలుగున్నరకు తినే గుడాలను మాత్రం మరిచిపోకుండా చిన్న డబ్బాలో వేరుగా కట్టుకోండి. ఉప్పు, కారం, కాస్త ఉల్లిగడ్డ చల్లుకుంటే బాగుంటాయి. పక్క సీటు వాళ్ళు అడుగుతారు కాబట్టి ఒక గుప్పెడు ఎక్కువే నానబెట్టండి.